తలుపు పక్క చోటు

"నా ఇటుక ఎవరు తీశారు?" అని ఝిమ్లి క్లబ్బు గుమ్మంలోనే నిలదీసింది.

తీసినవాడు బుంబా. తీయడమే కాదు, దాన్ని కిటికీలో పెట్టేసి, ఆ చోట తన చాప పరిచి దర్జాగా కూర్చున్నాడు కూడా. అది అల్లాటప్పా చోటు కాదు. దాని వెనకే ఒక తలుపు, తలుపు మీద 'శౌచాలయం' అని నీలిరంగు అక్షరాల బోర్డు. కడుపు మాట వినని పిల్లలకు కలకత్తా మొత్తంలో అంతకన్నా ఖరీదైన స్థలం లేదు.

ఇద్దరిదీ పదో తరగతి, ఒకే బడి, ఒకే జబ్బు. డాక్టరు దాన్ని ఐబీఎస్ అన్నాడు. పరీక్షలన్నీ చేసి, పేగులకు లోపమేమీ లేదనీ, బెదురే జాస్తి అనీ తేల్చాడు. మందులతో పాటు యోగా, ధ్యానం చేయించమన్నాడు. వెతికితే ఆ బడిలో అలాంటివాళ్లు ఎనిమిదిమంది తేలారు. రెండు నెలలుగా నిశీథ్ మాస్టారు వాళ్లకు బడి హాల్లోనే నేర్పుతున్నారు.

వచ్చే వారం పదో తరగతి మొత్తం బస్సులో దీఘా సముద్రానికి వెళుతోంది. ఐదు గంటల ప్రయాణం. ఈ ఎనిమిదిమందికీ హెడ్మిస్ట్రెస్ ఒక మెలిక పెట్టింది. నలభై నిమిషాలు లేవకుండా ధ్యానంలో కూర్చున్నారని మాస్టారు చీటీ రాసిస్తేనే బస్సులో సీటు. రోజుకు ఇద్దరికి పరీక్ష. బడికి సున్నాలు వేస్తున్నారు కాబట్టి ఆ పరీక్ష మాస్టారి వీధివాళ్లు పూజలకూ ఆటలకూ వాడుకునే క్లబ్బుకు మారింది. పదిహేనేళ్లొచ్చినా సముద్రం మొహం చూడని ఝిమ్లి ఈసారి ఎలాగైనా ఆ బస్సెక్కాలని పంతం పట్టింది.

కొత్త చోటికి వెళితే ముందు ఆ గది ఎక్కడుందో చూసుకోవడం ఆమెకు అలవాటు. అందుకే పొద్దున ఆరింటికే వచ్చి చూసుకుంది. ఇప్పుడే ఫినాయిల్ పోశాను, లోపలికి వెళ్లకు, జారిపడతావని మాస్టారు బయటినుంచే తలుపు చూపించారు. రేషను లైన్లో చేసినట్టే, చోటు తనదని గుర్తుగా ఆ పక్కన ఇటుక పెట్టి, ఇంటికి వెళ్లి స్నానం చేసి వచ్చింది.

ఇదేమన్నా కిరసనాయిలు లైనా ఇటుకలు పెట్టడానికి అని బుంబా ఎకసెక్కం చేశాడు. ముందొచ్చినవాడిదే చోటన్నాడు. తన కడుపు ఆమె కడుపు కన్నా పెద్ద రౌడీ అని కూడా చెప్పుకున్నాడు.

"రేషను లైన్లో మీ నాన్న ఇటుకను ఎవరైనా కదిపితే ఆయన ఊరుకుంటాడట్రా?" అన్నారు మాస్టారు.

ఆ మాటకు ఆ ఊళ్లో తిరుగులేదు. బుంబా గొణుక్కుంటూ చాపను మూరెడు పక్కకు జరుపుకున్నాడు.

తీరా కళ్లు మూసుకుంటే ఝిమ్లి వాళ్లమ్మ కిటికీ బయట ప్రత్యక్షమైంది. చేతిలో సంచి, సంచిలో ఇసబ్‌గోల్, గ్లూకోజు నీళ్లు, ఎందుకైనా మంచిదని ఇంకో జత బట్టలు. కడుపెలా ఉంది, నిన్నటి అరటికాయ చేపల పులుసు పడిందా, పొద్దున సరిగ్గా అయిందా అని వీధి వీధంతా వినేలా ఆరా తీసింది. ఝిమ్లికి చచ్చినంత సిగ్గేసింది. మాస్టారు ఆవిడకు నమస్కారం పెట్టి, కిటికీ మూసి, తెరుచుకోకుండా ఇటుకను అడ్డం పెట్టారు.

ఇరవై నిమిషాలు చల్లగా గడిచాయి. ఆ తర్వాత మొదలైంది. ముందు గుడగుడ, తర్వాత మెలిపెట్టడం, చేతుల్లో చెమటలు. బుంబా కడుపు కూడా ఉండబట్టలేక వంత పాడింది. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఇద్దరికీ భయమూ వేసింది.

పొట్ట నిండా గాలి పీల్చి నెమ్మదిగా వదలమని మాస్టారి గొంతు వినిపించింది. ఝిమ్లి పీల్చింది, వదిలింది. లేస్తే రెండే అంగలు, తలుపు ఎక్కడికీ పోదు, ఎప్పుడు కావాలంటే అప్పుడే వెళ్లొచ్చు అని మనసులో అనుకుంది. అయితే ఇప్పుడే ఎందుకు, ఇంకో పది శ్వాసలయ్యాక చూద్దాం అనుకుంది. పది అయ్యాక ఇంకో పది. నొప్పి వచ్చింది, నిలబడింది, విసుగెత్తినట్టు వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ వెళ్లింది. మాస్టారు గంట కొట్టేసరికి ఆమె నిజంగానే ధ్యానంలో ఉంది.

బుంబా తన చీటీ లాక్కుని ఊరంతా చాటడానికి పరుగెత్తాడు. ఝిమ్లి తన చీటీని రెండుసార్లు చదువుకుని లంగా జేబులో దాచుకుంది. ఆ చోటే దొరక్కపోతే తన గతి ఏమయ్యేదో అనుకుంది. ఎలాగూ వచ్చాం కదా, ఇంటికెళ్లే ముందు ఒకసారి వెళ్లొద్దామని తలుపు గడియ తీసింది. మాస్టారు వద్దనేలోపే తలుపు తెరుచుకుంది.

లోపల గుడ్డలు కప్పిన డోళ్లు, విరిగిన క్యారంబోర్డు, కిందటేడు దుర్గాపూజలో వాడిన ఒంటిచెవి సింహం. కొళాయి లేదు, తొట్టి లేదు. బోర్డు మీద ఆరని నీలిరంగు ఆమె అరచేతికి అంటుకుంది.

"మాస్టారూ, మరి శౌచాలయం?"

"ఈ క్లబ్బుకు అరవై ఏళ్లు. ఇంతవరకూ ఎవరూ కట్టలేదు."

ఝిమ్లికి ఒళ్లు మండింది. నిజంగా అవసరం పడి ఉంటే ఏం చేసేవారని అడిగింది. ఎదురిల్లు తనదేననీ, అందుకే పొద్దుటినుంచీ తలుపు బార్లా తెరిచి ఉంచాననీ ఆయన చెప్పారు. ఆమె ఆ సింహం వంక చాలాసేపు చూసింది. అంటే తలుపు వెనక ఏమీ లేకుండానే తను నలభై నిమిషాలు కూర్చుంది. కోపం ఎటు పోయిందో తెలియలేదు, నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ తిరిగాయి.

మాస్టారు ఆమె తల మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు.

"చప్పుడు కాకుండా మూసెయ్ తల్లీ. మిగతా ఆరుగురికీ ఇంకా పరీక్ష ఉంది."