గుండీల డబ్బాలో ప్రేమ

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అడిగింది డాక్టరమ్మ, జలుబు మాత్ర పేరు రాస్తూ.

టైలరు ఓరకంట చూశాడు. పక్కనే భార్య ముక్కు తుడుచుకుంటోంది. ఇద్దరికీ ఒకటే జలుబు.

"అబ్బే, ఏమీ లేవండీ" అన్నాడు.

పచ్చి అబద్ధం. అతనికున్నది పరధ్యానం కాదు, ఏడీహెచ్‌డీ అని ఇంకో డాక్టరు తేల్చి, మనసు నిలవడానికి మాత్ర రాసిచ్చాడు. రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాడు. దాన్ని కొట్లో గుండీల డబ్బాలో దాచాడు.

పాపం, కారణం లేకపోలేదు. పాలు చూస్తుండమంటే పొంగిపోయేదాకా చూస్తూ నిలబడే మనిషి, ఆ మాత్ర పుణ్యమా అని ఇప్పుడు పొయ్యి కట్టేస్తున్నాడు. భార్య చెప్పేది చివరిదాకా వింటున్నాడు. ఆవిడేమో మురిసిపోయి, "ఇన్నేళ్లకి మా ఆయనకి నా మీద ప్రేమ పుట్టిందే!" అని వాళ్లక్కతో చెప్పుకుంది. ఆ ప్రేమ మందుల షాపులో దొరుకుతుందని ఏ నోటితో చెప్తాడు?

పైగా ఆవిడా మారింది. ఒకప్పుడు చిన్న తప్పు చేసినా గరిటెలు ఎగిరేవి. మొన్న అతను ఇస్త్రీ చేస్తూ ఆవిడకి వాళ్లక్క పెట్టిన శాలువా కాల్చేసినా, "పోనీలెండి" అని నవ్వేసింది. రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు అనుకున్నాడు టైలరు.

"ఈ మాత్రతో ముక్కు దిబ్బడ వదిలిపోతుంది" అంది డాక్టరమ్మ. "గుండె వేగం పెంచే మందులతో మాత్రం కలపకూడదు. మీకేమీ లేవన్నారుగా, భయం లేదు."

పొద్దుటి మాత్ర కూడా అలాంటిదేనని అది రాసిచ్చిన డాక్టరు చెప్పిన మాట గుర్తొచ్చి టైలరుకి అప్పుడే దడ మొదలైంది. చెప్తే కాపురానికి చేటు, చెప్పకపోతే గుండెకి.

"ఉందండీ!" అని కళ్లు మూసుకుని మొత్తం కక్కేశాడు, గుండీల డబ్బాతో సహా.

డాక్టరమ్మ రాసిన కాగితం చించేసింది. "బతికించారు! రెండూ కలిస్తే బీపీ పెరిగిపోయేది. మీకు ముక్కులో ఉప్పునీటి చుక్కలు చాలు. ఏ డాక్టరు దగ్గరకెళ్లినా ముందు ఈ సంగతి చెప్పండి."

టైలరు ఒక కన్ను తెరిచి భార్య వంక చూశాడు. దగ్గర్లో గరిటె లేదు కానీ, బల్ల మీద పేపర్ వెయిట్ ఉంది.

ఆవిడ దాని జోలికే పోలేదు. ఈమధ్య ఎప్పుడూ నవ్వినట్టే చల్లగా నవ్వింది. ఎంత సహనం! టైలరుకి కళ్లు చెమర్చాయి.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుని మెల్లగా అడిగింది: "ఈయనతో వేగలేక ఉప్పు డబ్బా వెనక దాచుకుని నేను వేసుకుంటున్న కోపం తగ్గే మాత్రకి ఆ జలుబు మందు పడుతుందా, డాక్టరుగారూ?"