రెండో కాఫీకి ఎసరు పెట్టిన బొమ్మల సినిమా

"ఏటే, ఇవాళ కాఫీ ఒక్క గ్లాసేనా?" జగన్నాధం విసుక్కున్నాడు.

పెళ్ళయిన నాటి నుంచి అతనికి పొద్దున్నే రెండు కాఫీలు. భార్య పద్మకుమారి ఒకటిస్తే, పోటీగా తల్లి దాలమ్మ ఇంకోటిచ్చేది. ఆ అత్తాకోడళ్ళకి మాటల్లేవు. ఒకరికొకరు ఏం చెప్పుకోవాలన్నా ఇంట్లో పిల్లికి చెప్పినట్టు చెప్పుకునేవారు. తగువులు తీర్చే పెద్దమనిషి జగన్నాధం.

ఇవాళ వంటింట్లో ఇద్దరూ కలిసి నవ్వుతున్నారు. అతనికి అనుమానమొచ్చింది.

"నిన్న శ్రీకాకుళంలో ఏటి జరిగింది? పిల్లల్ని ఆ ఇంగ్లీషు బొమ్మల సినిమాకే కదా తీసుకెళ్ళేరు?"

"ఏటీ జరగనేదురా. బొజ్జ కప్ప ఒకటి పాట ఎత్తుకుంది. ఏటంటన్నాదే అనడిగేను," అంది దాలమ్మ.

"ఎవర్ని?"

"సినిమా హాల్లో మన పిల్లి ఎక్కడ దొరుకుతాదిరా? కోడల్నే."

జగన్నాధం భార్యకేసి తిరిగాడు. "నీకు ఇంగ్లీషెప్పుడొచ్చిందే?"

"నాకేటొచ్చు? నోటికొచ్చింది సెప్పేను. పెళ్ళాం కాఫీ, అమ్మ కాఫీ రెండూ తాగీసి, 'దెబ్బలాడుకోండి, దెబ్బలాడుకోండి' అని పాడతన్నాది అత్తా, అన్నాను. పిల్లలు కూడా పడీ పడీ నవ్వేరు."

"అచ్చం నీ బొజ్జేరా," అంది దాలమ్మ ముద్దుగా.

జగన్నాధం ఖాళీ గ్లాసులోకి చూశాడు. ఇన్నేళ్ళూ రెండో కాఫీ ఎక్కణ్ణుంచి వచ్చిందో అప్పటికి తెలిసింది.

అయ్యలారా, అమ్మలారా! అత్తాకోడళ్ళని మళ్ళీ విడదీసే సినిమా ఏ ఊళ్ళో ఆడుతున్నా, జగన్నాధానికి కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. అందులో మాటలు మాత్రం అందరికీ అర్థమవ్వాలి.