నాన్న గొంతున్న క్లిప్పు

“సౌండ్ రావట్లేదు,” అన్నాడు కొడుకు.

తెర మీద నాన్న మాట్లాడుతూనే ఉన్నాడు. చేతులు తిప్పుతున్నాడు, మధ్యలో నవ్వుతున్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ మొదలుపెడుతున్నాడు. స్పీకర్లలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు.

ఆ నాన్నే ఇప్పుడు కొడుకు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. మెడకు కట్టు, ఒళ్ళో పలక. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక ఆయన నోట మాట రాదు. ఇంట్లో ఉన్న పాత వీడియోలన్నిట్లో ఏదో ఒక పాట మోగుతుంటుంది, లేదా ఎవరో ఒకరు అరుస్తుంటారు. ఆయన గొంతు వినాలంటే ఆపరేషన్‌కి ముందురోజు తీసిన ఈ క్లిప్పొక్కటే దిక్కు. అప్పటికే బాగా బొంగురుపోయింది. అయితేనేం, అది ఆయన గొంతు.

తడిచేతులు తుడుచుకుంటూ అమ్మ వచ్చింది. “ఏరా, వినపడుతోందా?”

“ఉండమ్మా, చూస్తున్నాగా!”

“నేనూ కూర్చుంటానంటే, ‘నువ్వుంటే నాకు సిగ్గు, పో’ అని మీ నాన్న వంటింట్లోకి తరిమేశారు. ఆ రోజు ఏం చెప్పుకున్నారో ఏమో, నాకొక్క ముక్క వినపడలేదు. అదంతా నాకక్కర్లేదు కూడా. ‘ఏమేవ్’ అని ఒక్కసారి పిలిచుంటే చాలు.”

నాన్న గబగబా పలక మీద రాసి చూపించాడు. “చాలాసార్లు పిలిచాను.”

అమ్మ మొహం అటు తిప్పేసుకుంది.

వీడియోలు ఎడిట్ చెయ్యడం కొడుకు బతుకుతెరువు. ఎవరెవరి దగ్గులూ, తుమ్ములూ, నత్తులూ తీసేసి, వాళ్ళ మాటలు ముత్యాల్లా చేసిచ్చి పేరు తెచ్చుకున్నాడు. తీరా సొంత తండ్రి దగ్గరికొచ్చేసరికి చేతులు ఆడటం లేదు. క్లిప్పు తీసేసి మళ్ళీ ఎక్కించాడు. మ్యూట్ నొక్కి ఉందేమోనని చూశాడు. సాఫ్ట్‌వేర్ మూసి మళ్ళీ తెరిచాడు. బొమ్మ పట్టీ ఒక్కటే వచ్చింది. దాని కింద ఉండాల్సిన సౌండ్ పట్టీ లేనే లేదు.

నాన్న మళ్ళీ పలక ఎత్తాడు. “ఇంత పనివాడివి, నాతో పెట్టుకుని ఓడిపోయావా?”

“నీకు నవ్వులాటగా ఉంది నాన్నా!” అని విసుక్కున్నాడు కొడుకు. నిజానికి అతని భయం వేరు. ఆ సౌండ్ కనక రికార్డే కాకపోయుంటే అమ్మకి మొహం ఎలా చూపించాలి? కెమెరా పెట్టింది తనే. అన్నీ సరిగ్గా ఉన్నాయి, నువ్వు మాట్లాడు అన్నది తనే.

కాసేపటికి ఒక్క ఉదుటున కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

“దొరికిందమ్మా! సౌండ్ పోలేదు, ఫైల్లోనే ఉంది. కెమెరా దాన్ని వేరే రకంగా దాచింది, ఈ సాఫ్ట్‌వేర్‌కి ఆ రకం చదవడం రాదు. అందుకే బొమ్మ తీసుకుని సౌండ్ వదిలేసింది. సౌండ్ వరకు విడిగా లాగి, దీనికి అర్థమయ్యేలా మార్చి పెడితే అయిపోతుంది.”

“నాకెందుకురా ఆ గోలంతా. వస్తుందా, రాదా?”

“వస్తుంది.”

నాన్న కొడుకు వీపు మీద ఒక్కటి చరిచాడు. అమ్మ స్టవ్ కట్టేసి వచ్చి, ఆయన కుర్చీని ఆనుకుని కింద కూర్చుంది. ఫైలు మారడానికి పట్టినంతసేపూ ముగ్గురూ తెర మీద మెల్లగా నిండుతున్న నీలం గీత వంకే చూస్తూ ఉండిపోయారు. నాన్న జుట్టు సరిచేసుకుని, చొక్కా కాలరు సర్దుకున్నాడు. తన గొంతు తను వినడానికి అంత తయారవడం చూసి అమ్మకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

బొమ్మ కింద పచ్చటి గీతలు బారుగా పరుచుకున్నాయి.

“చూడమ్మా, ఈ ఎత్తుపల్లాలన్నీ మాటలే!” అని కొడుకు స్పీకర్ల సౌండ్ పూర్తిగా పెంచేసి, బటన్ నొక్కాడు.

“ఆన్ చేశాను నాన్నా. నీ మనసులో ఉన్నదంతా చెప్పెయ్. నేనిక్కడే ఉంటా.” చెవి పక్కనే ఉండి అన్నంత స్పష్టంగా వచ్చింది, కొడుకు గొంతు. అమ్మ నాన్న చెయ్యి పట్టుకుంది.

తెర మీద నాన్న పెదవి విప్పాడు. స్పీకర్లలో చెప్పుల చప్పుడు. తలుపు తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. తర్వాత వీధిలో హారన్లు.

“ఇదేంట్రా? ఆయన మాటేదీ?” అంది అమ్మ.

కొడుకు అప్పుడు చూశాడు, తెర మీద నాన్న చొక్కాకి మైకు లేదు. కెమెరాకి సౌండ్ అందేది ఆ వైర్‌లెస్ మైకు నుంచే; పనిచేస్తుందో లేదో చూడటానికి ఆ రోజు తన కాలరుకి తగిలించుకుని, తీసి ఆయనకి పెట్టడమే మరిచిపోయాడు. అది తనతో పాటే బాల్కనీలోకి వచ్చింది. బాల్కనీలో ఫోన్లో ఏం మాట్లాడాడో గుర్తొచ్చింది. చెయ్యి బటన్ మీదికి వెళ్ళింది. ఆ చేతి మీద నాన్న చెయ్యి పడింది. ఆపనివ్వలేదు.

తెర మీద నాన్న గుండె మీద చెయ్యి వేసుకుని, తడి కళ్ళతో, సూటిగా కొడుకు వైపే చూస్తూ ఏదో చెబుతున్నాడు. స్పీకర్లలో కొడుకు నవ్వుతున్నాడు.

“ఎక్కడికి రమ్మంటావురా, మా నాన్న లోపల కెమెరాతో మొదలుపెట్టాడు, ఇప్పట్లో ఆపడు. పోనీలే, ఈ ఒక్క పూట ఓర్చుకుంటే రేపట్నుంచి ఆయన సోది వినే బాధ తప్పుతుంది.”