మున్నేటి మడుగులో శాస్త్రీయమైన మునక

1959 డిసెంబరు పదవ తేదీ, లక్ష్మివారం, ఉదయం తొమ్మిది గంటలకు పెనుగంచిప్రోలు దగ్గర మున్నేటి మడుగులో పుట్టి మీద ఉన్నవారు వరుసగా: విశ్రాంత డిప్యూటీ తహసీల్దారు ఉమాకాంతం గారు, వారి ధర్మపత్ని కమలాంబ, పుట్టి నడిపే సాంబయ్య. ఒడ్డున ఉన్నవారు: కమలాంబకు వదినగారైన వెంకాయమ్మ, పంచాయతీ ప్రెసిడెంటు తిరుపతిరావు. ఈ క్రమాన్ని నిర్ణయించినవారు ఉమాకాంతం గారే. నందిగామ కచేరీలో ముప్పై ఏళ్ళు పంచనామాలు వ్రాసిన చెయ్యి అది. ఎవరు ముందో, ఎవరు వెనుకో తేల్చనిదే ఏ పనినీ మొదలుపెట్టదు.

వెంకాయమ్మ ఆయిలింజను నీరు పీల్చే గొట్టం చివరనున్న ఇత్తడి వాల్వు సోమవారం నాడు ఊడి మడుగులో పడిపోయింది. కొత్తది మద్రాసు నుంచి రావడానికి పదిహేను రోజులు పడుతుంది. మూడెకరాల మిరపతోట అప్పటికే తల వాల్చింది. భర్త పోయిన తరువాత ఆమెకున్న ఆధారం ఆ తోట ఒక్కటే.

"ఒక్క మునకేసి తీసుకొస్తానండి," అన్నాడు సాంబయ్య ఆ రోజే.

"వీల్లేదు! నీళ్ళలో పోయినవాళ్ళకి నా సర్వీసులో పదకొండు పంచనామాలు చేశాను. పదకొండుమందీ ఒక్క మునకే అన్నారు. శాస్త్రీయమైన ఏర్పాటు లేకుండా నువ్వు మునగకూడదు. మాటియ్యి."

సాంబయ్య మాటిచ్చాడు. శాస్త్రీయమైన ఏర్పాటుకు మూడు రోజులు పట్టింది.

చిన్న పడవ మీద నుంచి సముద్రంలోకి క్షేమంగా మునగడం ఎట్లాగో ఉమాకాంతం గారు ఒక ఇంగ్లీషు పత్రికలో చదివి ఉన్నారు. అందులో చెప్పిన గాలి సిలిండరు జగ్గయ్యపేట అంగళ్ళలో దొరకలేదు. దానికి బదులుగా కమ్మరి బాలస్వామి కొలిమి తిత్తి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం, మోటారు సైకిలు కళ్ళద్దాలు, నడుముకు కట్టుకొనే రెండు తూకపు రాళ్ళు సమకూరాయి. ఠావు కాగితం మీద తొమ్మిది నియమాలు వెలిశాయి. నియమాలు తెలిసినవాడే మునగవలెనన్నది తొమ్మిదవది. ఆ తెలిసినవాడు ఏనాడూ మోకాలి లోతు దాటి ఎరుగడన్న సంగతి మాత్రం ఏ నియమంలోనూ చేరలేదు.

మూడు రోజులు వద్దని పోరిన కమలాంబ ఇవాళ నోరెత్తకుండా తిత్తి దగ్గర కూర్చున్నది. తడి జుట్టు ముడి వేసుకుని చలికి వణుకుతున్నది. మార్గశిర లక్ష్మివారం కదా, తలస్నానం చేసి తన క్షేమం కోసం మొక్కుకుని ఉంటుందని ఆయన ప్రసన్నులయ్యారు.

"మూడో నియమం చెప్పు," అన్నారు.

"తాడు ఒకసారి లాగితే క్షేమం. రెండుసార్లు లాగితే గాలి చాలడం లేదని. మూడుసార్లయితే పైకి లాగమని."

"భయపడకు."

"నాకేం భయమండీ. సాంబయ్యా, ఇంకాస్త ఎడంగా పోనీ. ఆ నల్లరాయి పక్కన ఆపు."

"అక్కడే ఎందుకు?"

"అక్కడ నీళ్ళలో రాతిమెట్టు ఉంటుంది. పట్టు దొరుకుతుంది."

"నీళ్ళ సంగతి నీకేం తెలుసు?"

"నాకేం తెలుస్తుంది లెండి!"

సాంబయ్య అటు తిరిగి దగ్గాడు.

ఒడ్డు నుంచి తిరుపతిరావు కేక వేశాడు. "తహసీల్దారుగారూ! మీ పంచనామాలో మాత్రం నన్ను సాక్షిగా వేయించకండి!"

"నీ నోట్లో మన్ను పడ, ఊరుకో! అన్నయ్యగారూ, తోట పోతే పోయింది, మీరు దిగకండి!" అన్నది వెంకాయమ్మ, ఏడుపు గొంతుతో.

ఉమాకాంతం గారు గొట్టం నోట కరచుకుని, రాళ్ళతో సహా దిగారు.

నీరు మెడ దాటగానే తొమ్మిది నియమాలూ ఒక్కసారిగా సెలవు పుచ్చుకున్నాయి. గొట్టంలోంచి వచ్చే గాలి బొగ్గు వాసన కొట్టింది. కళ్ళద్దాల ముందు పచ్చని చీకటి. అటువంటి ఘట్టంలో స్మరించడానికి ముందే కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యంలో మొదటి మాట కూడా గుర్తు రాలేదు. తడుముకుంటున్న చేతికి రాయి తగిలింది. ఆ రాతి మీద చల్లగా, గుండ్రంగా ఇత్తడి తగిలింది. దానిని గుండెకు హత్తుకుని, ఆయన తాడు లాగారు.

"అమ్మగారూ, ఏడుసార్లు లాగారండీ! ఏడుకి కాయితంలో ఏం రాశారు?"

"ఏమీ రాయలేదు. ముందు లాగు!"

బొగ్గుమసి మీసాలతో, చేతిలో వాల్వుతో ఉమాకాంతం గారు పైకి తేలారు. "రాతిమెట్టు మీద చిక్కుకుని ఉన్నది. నేను మొదటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను," అన్నారు, పళ్ళు టకటక కొట్టుకుంటుండగా.

పదకొండు గంటలకల్లా ఇంజను మోగింది. మిరప సాళ్ళలోకి నీరు పారుతుంటే వెంకాయమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది.

సాయంత్రం గ్రంథాలయంలో సభ పెట్టారు. తిరుపతిరావు ఆయన మెడలో బంతిపూల దండ వేశాడు. "అభినందన తీర్మానం కూడా తమరే రాయాలి. అంత మంచి భాష మాకెవరికి వస్తుందండీ?" అన్నాడు.

ఉమాకాంతం గారు మొహమాటపడలేదు. "అనన్యసామాన్యమైన ధైర్యసాహసములతో" అని మొదలుపెట్టి, తమ పేరులో సగం దాకా వచ్చారు. అప్పుడు సాంబయ్య చేతులు కట్టుకుని దగ్గరకు వచ్చాడు.

"అయ్యగారూ, తమకిచ్చిన మాట నేను తప్పలేదండీ. కానీ ఇది దాస్తే నాకు అన్నం సయించదు." వంగి, ఆయన చెవిలో నాలుగు మాటలు చెప్పాడు.

కలం ఆగింది. సభ అంతా ఆయన వంకే చూస్తున్నది. ఉమాకాంతం గారు దండ తీసి బల్ల మీద పెట్టారు. ముప్పై ఏళ్ళలో మొదటిసారిగా, తాము వ్రాసినదానిని తామే అడ్డంగా కొట్టివేశారు. దాని కింద కొత్తగా ఒక వాక్యం వ్రాసి, సంతకం చేసి, లేచి నిలబడి చదివారు.

"ఈ తెల్లవారుజామున మడుగు అడుగుకు మునిగి వాల్వును తీసి, ఉమాకాంతం చేతికందేలా రాతిమెట్టు మీద పెట్టిన శ్రీమతి కమలాంబ గారికి ఈ సభ కృతజ్ఞతలు తెలుపుకొంటున్నది."