కేసు అయ్యాక తిందాం

మోటారుసైకిల్ బేకరీ ముందు నెమ్మదించింది.

వెనక కూర్చున్నవాడి చెయ్యి చొక్కా కిందికి పోయింది.

లాయరు క్రిస్పిన్ చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగింది.

పక్క బల్ల దగ్గరున్న ముసలాయన లేచి నిలబడి రోడ్డు వైపు చూశాడు. అంతే. బండి వేగం పుంజుకుని మలుపు తిరిగిపోయింది.

ముసలాయన కూర్చుని మళ్ళీ కాఫీ ఊదుకున్నాడు.

"చూశారా మనాంగ్? వాళ్ళకి సైగ చేశాడు," అన్నాడు క్రిస్పిన్, బేకరీ నడిపే నెనాతో, గొంతు తగ్గించి. ఆ దీవుల్లో పెద్దవాళ్ళని అలాగే పిలుస్తారు, ఆడవాళ్ళని మనాంగ్ అని, మగవాళ్ళని మనోంగ్ అని.

"నాకు మీ మీసానికి అంటిన నురగ తప్ప ఏమీ కనబడలేదు అటార్నీ. ముందది తుడుచుకోండి."

శాన్ రోకే మేయర్‌ని ఎవరో కాల్చి చంపారు. నేరం ఇసిద్రో అనే జాలరి మీద పడింది. ఎన్నికల్లో అవతలి పార్టీ జెండా మోయడమే అతని పాపం. ఊళ్ళో లాయర్లెవరూ ఆ కేసు ముట్టుకోలేదు. క్రిస్పిన్ ఇలోయిలో నగరం నుంచి పడవలో వచ్చి, బేకరీ పైగదిలో అద్దెకు దిగాడు.

"జాలరిని వదిలెయ్. లేకపోతే శవపెట్టెలో ఇంటికెళ్తావ్." చనిపోయిన మేయర్ మనుషుల నుంచి ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉన్నాయి.

ఆ ఇంట్లో క్రిస్పిన్ కోసం ఎదురుచూసేవాళ్ళు ఎవరూ లేరు. భార్య ఫెలిసా పోయింది. అయినవాళ్ళు పోతే ఏడాదిపాటు గుండె మీద పెట్టుకునే నల్ల పిన్ను అతని చొక్కాకి ఉంది. కోర్టుకి బయల్దేరేముందు ఆమె కాలరు సర్దేది. ఇప్పటికీ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగుతాడు.

ముసలాయన రోజూ వచ్చేవాడు. ఎండ మండిపోతున్నా మెడదాకా జిప్పు పెట్టిన జాకెట్. క్రిస్పిన్ వెనకాలే నడిచి, కోర్టు గేటు దగ్గర ఆగిపోయేవాడు.

ఆ జాకెట్ కింద ఏముందో క్రిస్పిన్‌కి తెలియంది కాదు. తుపాకీ.

అయినా ఒకరోజు రొట్టె తుంచుతూ పిలిచాడు. ఎదుటివాళ్ళను పిలవకుండా తినడం ఆ దీవుల్లో ఎవరికీ చేతకాదు, ఎదుటివాడు శత్రువైనా సరే.

"రండి మనోంగ్, తిందాం."

ముసలాయన చూపు నల్ల పిన్ను మీద ఆగింది.

"ఎవరు?"

"నా భార్య."

"తలుపు చప్పుడైతే ఇంకా తనే అనిపిస్తుందా?"

క్రిస్పిన్ రొట్టె కింద పెట్టేశాడు. నా తలుపు సంగతి ఈయనకెందుకు?

"ఇప్పుడొద్దు అటార్నీ," అన్నాడు ముసలాయన మెల్లగా. "కేసు అయ్యాక తిందాం."

కేసు అయింది. ఇసిద్రో నిర్దోషి అన్నారు. అతను క్రిస్పిన్ చేతిని నుదుటికి ఆనించుకుని ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే క్రిస్పిన్ కిటికీలోంచి తొంగిచూశాడు.

కింద ముసలాయన అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఒంటిమీద జాకెట్ లేదు. ముందు రెండు కప్పులు.

కేసు అయ్యాక అన్నాడు కదా!

క్రిస్పిన్ తెర వెనక్కి తగ్గాడు.

రేవులో పడవ కూత వేసింది. కాసేపటికి రెండోసారి. ముసలాయన లేచి, మెట్ల వైపు ఒకసారి చూసి, రేవు దారి పట్టాడు.

అప్పుడు దిగాడు క్రిస్పిన్.

బల్ల మీద ఒక కప్పు ఖాళీ. రెండోదాని మీద సాసరు బోర్లించి ఉంది. ఎదుటి కుర్చీ బల్ల నుంచి కొంచెం వెనక్కి లాగి ఉంది, ఎవరో వచ్చి కూర్చోవడానికి వీలుగా.

"మీకే," అంది నెనా. "చల్లారిపోతుందని ఆయనే మూతపెట్టారు."

"నన్ను చంపడానికి వచ్చినవాడు..."

"చంపడానికా!" నెనా నవ్వబోయి ఆగిపోయింది. "ఆ మోటారుసైకిల్ వాళ్ళు రోజూ ఆయన మొహం చూసే కదా వెనక్కి పోయింది. ఆయన ముందు తుపాకీ తీసే ధైర్యం వాళ్ళలో ఎవడికీ లేదు. అసలువాడి బదులు ఇంకొకడు జైలుకి పోకూడదన్నారు. మీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారు. తెలిస్తే కోర్టులో మీ గొంతు మెత్తబడుతుందట."

"ఎవరు మనాంగ్ ఆయన?"

పడవ అప్పటికే రేవు వదిలింది. పైఅంచున ఒక తెల్లచొక్కా, చిన్నదైపోతూ.

"అంత ఎండలో జాకెట్ ఎందుకనుకున్నారు అటార్నీ?" అంది నెనా. "మీ చొక్కాకున్న నల్ల పిన్నే ఆయన చొక్కాకీ ఉంది, కొడుకు కోసం... మా మేయర్ కోసం."