కొత్తల్లుడి వేగం

పెద్దక్క ఎర్ర బటన్ మీద ఒక్క గుద్దు గుద్దింది. ఫ్యాన్ మోటారు పట్టుకుని ఆమె ముందుకు వంగుతున్న రోబో చెయ్యి గాలిలోనే కొయ్యబారిపోయింది. దాంతోపాటు ఫ్యాన్ల ఫ్యాక్టరీలో ఆ లైనంతా ఆగింది.

సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందక్కా? చెయ్యిగాని నలిగిందా?"

"నలగలేదు. నలిగేదాకా ఆగమంటావా?"

"మరెందుకు ఆపావ్?"

"నిమిషానికి ఆరు మోటార్లు తెచ్చి నా ముందు పెడుతోంది. నేను నాలుగింటికే వైర్లు కలపగలను. కాస్త ఆలస్యమైతే చాలు, కుయ్యి కుయ్యిమని అలకొకటి! ఇది నాకు సాయానికొచ్చిందా, కొత్తల్లుడిలా మర్యాదలు చేయించుకోడానికొచ్చిందా?"

బెంచీ మీదున్న వాళ్ళంతా పక్కున నవ్వారు.

"వేగం పెట్టేది నేను కాదక్కా, ఆఫీసు. ముందు స్టార్ట్ చెయ్యి, నా కొంప ముంచకు."

"మొన్న మీటింగులో పెద్దసారే అన్నారుగా, మిషన్ మీ మాట వింటుందని. అది వినాలంటే ముందు ఆయన వినాలి. ఫోన్ చెయ్యి."

"పెద్దసారుకా!"

సూపర్‌వైజరు మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఎలాగో నంబరు నొక్కాడు. "సార్... అదే సార్... ఏం లేదు సార్..." అంటూ నీళ్ళు నమిలాడు. పెద్దక్క ఫోను లాక్కుంది. పోతే ఉద్యోగమేగా అనుకుంది.

"సార్, నేను మూడో బెంచీ మనిషిని. మిషన్ ఆపింది నేనే. నిమిషానికి నాలుగైతే ఒక్కటీ చెడిపోదు. ఆరు పెట్టినప్పటినుంచీ రోజూ ముప్ఫై వెనక్కొస్తున్నాయి. ఏది కావాలో మీరే చెప్పండి."

అవతలినుంచి పెద్దసారు గొంతు వచ్చింది.

"సరేనమ్మా, నాలుగే పెట్టించండి. ఇకనుంచి వేగం సంగతి మీ బెంచీవాళ్ళే చూసుకోండి."

"నాలుగే!" అని పెద్దక్క పెదవులు కదిపిందో లేదో, బల్లలు దద్దరిల్లేలా చప్పట్లు మోగాయి.

సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. అందరి ముందూ పరువు తీశానుగా, ఇక మెమో తప్పదనుకుంటూ పెద్దక్క ఫోను అతనివైపు చాచింది.

అతను రెండు చేతులూ అడ్డం పెట్టి, గొంతు తగ్గించి అన్నాడు:

"ఫోన్ పెట్టెయ్యకక్కా! ఏడాదినుంచీ అడగలేక చస్తున్నా. ఆ నోటితోనే నాకూ రెండ్రోజులు సెలవు అడిగిపెట్టు!"