గాలి రావాల్సిన దారి

"కొంచెం ఆగండి. నాన్న దారిలో ఉన్నారు" అంది లోపలి నుంచి ఓ ఆడగొంతు.

మూడు అంతస్తులు మోసుకొచ్చిన చిమ్నీ పెట్టెను మెకానిక్ మెట్ల మీద దించాడు. బయటి గడియకు అరచెయ్యంత తాళం వేలాడుతోంది.

"మీరు లోపలే ఉన్నారుగా తల్లీ?"

"తాళంచెవి ఆయన దగ్గరుంది."

తలుపుకు ఇవతల అతను, అవతల ఆమె, పావుగంట కూర్చున్నారు.

తండ్రి ఆఫీసులో గంటసేపు పర్మిషన్ పెట్టి రొప్పుతూ వచ్చాడు. తాళం తీసి ముందు కూతురి ముఖం చూశాడు. ఆ తర్వాతే మెకానిక్‌ను లోపలికి రమ్మన్నాడు.

వంటగది కిటికీ రెక్కలకు మేకులు కొట్టి ఉన్నాయి.

"నాలుగు ఉల్లిపాయలు వేగితే చాలు, ఇల్లంతా దగ్గే. అందుకే ఇది కొన్నాను. ఇక కిటికీతో పనుండదు" అన్నాడు తండ్రి.

"చూద్దాం సార్" అన్నాడు మెకానిక్.

పది నెలల కిందట పెద్దమ్మాయి పాల ప్యాకెట్టు తెస్తానని పొద్దున్నే కిందికి దిగింది. మలుపులో లారీ. ఆ వారమే తండ్రి కిటికీలకు మేకులు కొట్టాడు. పోయిన నెల బయటి తాళం కొన్నాడు. చిన్నమ్మాయి కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేసేది. సోమవారం దాకా చూస్తాననీ, ఆపైన ఇంకో మనిషిని పెట్టుకుంటాననీ దుకాణం ఆవిడ నిన్న ఫోన్ చేసింది. ఇవాళ శనివారం. తాళంచెవి ఇమ్మని చిన్నమ్మాయి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆయన "రేపు చూద్దాంలేమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. కోప్పడినా బాగుండేది, తిరిగి ఓ మాట అనడానికి వీలుండేది.

మెకానిక్ గ్యాస్ కట్టేసి, పొయ్యి మీద నుంచి టేపు పట్టాడు.

"ఇరవై ఎనిమిది అంగుళాలు. ఇంకా కిందికైతే మంట అందుకుంటుంది, పైకైతే పొగ తప్పించుకుంటుంది."

"ఆ పైపు అటక మీదికి వదిలెయ్యండి. గోడకు కన్నం దేనికి?"

"అటక మీద వదిలితే జిడ్డంతా అక్కడే పేరుకుంటుంది సార్. ఒక్క నిప్పురవ్వ చాలు. పొగ ఇల్లు దాటాల్సిందే."

"మీకు చాదస్తం ఎక్కువలా ఉందే."

"కంపెనీలో అందరూ అదే అంటారు. మా ఆవిడ ఇంకో మాట అంటుంది, అది ఇక్కడ చెప్పేది కాదు."

కూతురు ఫక్కున నవ్వింది. తండ్రి ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగాడు.

గోడకు కన్నం వేసి పైపు బిగించడం అయ్యాక మెకానిక్ స్విచ్చు వేసి, ఒక కాగితాన్ని చిమ్నీ జల్లెడకు ఆనించి వదిలాడు. అది రెపరెపలాడి పొయ్యి మీద పడింది. అతను పట్టకారుతో కిటికీ మేకులు లాగడం మొదలుపెట్టాడు.

"ఏమిటా పని?"

"ఒక్క నిమిషం సార్."

కిటికీ రెక్క జానెడు తెరిచి మళ్ళీ కాగితం ఆనించాడు. ఈసారి అది అతుక్కుపోయింది.

"లోపలికి గాలి రానివ్వకుండా బయటికి పంపమంటే, ఇది మాత్రం దేన్ని పంపుతుంది?"

తండ్రి ఆ కాగితం వంక కాసేపు చూశాడు. "సరే, జానెడే" అన్నాడు.

మెకానిక్ చిమ్నీతో వచ్చిన పుస్తకం తెరిచి, జాగ్రత్తల నియమాలు ఒక్కొక్కటే పైకి చదివాడు. ఎర్త్ ఉన్న ప్లగ్గు. నెలకోసారి జల్లెడ కడగడం. పొయ్యి మీద నూనె పెట్టి పక్కకు పోకపోవడం.

"పది. గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకూడదు. వెంటనే ఇంట్లోంచి బయటికి వెళ్ళిపోవాలి." గొంతు సవరించుకున్నాడు. "పదకొండు. బయటి తలుపు తాళంచెవి వంట చేసే మనిషి దగ్గరే ఉండాలి. అలా లేని ఇంట్లో చిమ్నీ బిగించరాదు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?" అన్నాడు తండ్రి. "నా ఇల్లు. నా కూతురు."

"నాదేముంది సార్, రాసింది చెబుతున్నాను. కుదరదంటే విప్పి తీసుకెళ్ళిపోతాను."

"ఏదీ, ఇలా ఇవ్వండి."

పుస్తకం మెకానిక్ చేతిలోనే ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఇచ్చాడు.

తండ్రి కళ్ళజోడు పెట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడ నిలబడి చాలాసేపు చదివాడు. కూతురు కడిగిన పళ్ళేన్నే మళ్ళీ మళ్ళీ కడిగింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం ఆమెకు లేదు.

"రాసే ఉంది" అన్నాడు చివరికి.

తాళంచెవి గుత్తిలోంచి ఓ పట్టాన రాలేదు. గోరు విరిగినా వదలకుండా లాగి, ఆమె తడి చేతిలో పెట్టాడు.

"పుస్తకంలో ఉన్నాక తప్పుతుందామ్మా."

మెకానిక్ తల వంచుకుని, ఎదురుగా ఉన్న స్క్రూడ్రైవర్ కోసం సంచిలో వెతికాడు.

తండ్రీ, మెకానిక్కూ కలిసే మెట్లు దిగారు. గడియ చప్పుడు కోసం ఆమె చెవులు రిక్కించి నిలబడింది. అది వినిపించలేదు.

చాలాసేపటికి చేతులు తుడుచుకుని, గట్టు మీది పుస్తకం తీసుకుంది. తనకు తాళంచెవి తెచ్చిపెట్టిన ఆ వాక్యాన్ని కళ్ళారా చూసుకోవాలనిపించింది. నియమాల పేజీ తీసి, ఒకటో అంకె మీద వేలు పెట్టి చివరిదాకా చదివింది.

అందులో ఉన్నవి పది నియమాలే.